ఆగిన గంటలు

మా ఫ్యాక్టరీలో లోడింగ్ జరిగే చోట గోడకు ఒక నల్లబల్ల ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి వచ్చి బ్యాగు పెట్టగానే నేను చేసే మొదటి పని దాన్ని తడిగుడ్డతో తుడిచి గీతలు గీయడం. బండి నంబరు, ఏ ఊరికి, గేటుకు వచ్చిన టైము, లోడింగ్ మొదలైన టైము, బయటపడ్డ టైము. ఈ ఐదు గళ్లూ నేను చేరకముందు నుంచీ ఉన్నాయి. చివరన ఉన్న ఆరో గడి మాత్రం 2019లో నేను కలిపింది. దాని మీద ‘ఆగిన గంటలు’ అని రాసి ఉంటుంది.

నేను హైదరాబాద్ జీడిమెట్లలో ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో డిస్పాచ్, అంటే తయారైన సరుకును బండ్లకెక్కించి పంపే పని, చూస్తాను. 2003లో బిల్లులు టైపు చేసే పనికి చేరాను. అప్పట్లో డిస్పాచ్ చూసే పెద్దాయన రిటైరయ్యాక ఆ పని నాకు వచ్చింది. హమాలీలు అక్కా అంటారు, డ్రైవర్లు మేడమ్ అంటారు, ఓనర్ గారు మాత్రం ఫోన్ ఎత్తగానే ‘బండి పోయిందా అమ్మా?’ అంటారు. ఇన్నేళ్లుగా రోజుకు పదిసార్లు నేను వింటున్న మాట అదే.

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు సూరారంలో మా ఇంటికి వచ్చింది. బీకాం చదువుతోంది. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని పుస్తకం తెరిచి, ‘పెద్దమ్మా, ఎల్లుండి ఇంటర్నల్స్. లాజిస్టిక్స్ అంటే ట్రాన్స్‌పోర్టే కదా? మళ్లీ దానికి వేరే పేరెందుకు?’ అని అడిగింది.

ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పనిని ఎవరూ నన్ను అలా అడగలేదు. చెప్పాలని కూర్చుంటే చిక్కుడుకాయలు పక్కకు పోయాయి. ఆ రోజు దానికి చెప్పినవీ, అది వెళ్లాక నాకు గుర్తొచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను.

అలమారలో జ్వరం మాత్రల పట్టీ ఒకటి ఉంటే తీసి దాని చేతిలో పెట్టాను. ఇది నీ చేతికి ఎట్లా వచ్చిందో వెనక్కి చెప్పుకుంటూ పో అన్నాను. మెడికల్ షాపు నుంచి అంది. షాపుకు? డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి. ఆయనకు? కంపెనీ నుంచి. అక్కడ ఆగిపోయింది. కంపెనీకి పొడి రూపంలో ముడి మందు ఇంకోచోటి నుంచి రావాలి, పట్టీకి అల్యూమినియం రేకు రావాలి, పట్టీలు పెట్టే చిన్న డబ్బా రావాలి, ఆ డబ్బాలన్నీ పెట్టే పెద్ద అట్టపెట్టె మా దగ్గర నుంచి పోవాలి. ఆ పెట్టె చేయడానికి మాకు క్రాఫ్ట్ కాగితం, అంటే గోధుమరంగు గట్టి కాగితం, రీళ్లు గుజరాత్‌లో వాపి నుంచో తమిళనాడు నుంచో రావాలి. ఆ మిల్లులకు కాగితం చేయడానికి చిత్తుకాగితం కావాలి. అది మన వీధిలో పాత పేపర్లు కొనే కబాడీ బండి నుంచీ పోతుంది, అమెరికా, యూరప్‌ల నుంచి ఓడల్లోనూ వస్తుంది.

ఈ మొత్తం సప్లై చైన్. ఎవరి దగ్గర కొనాలి, ఎంత ధరకు, ఎన్ని తయారు చేయాలి, ఏ నెలలో ఎంత అమ్ముడుపోతుంది, ఈ లెక్కలన్నీ అందులోకే వస్తాయి. దాంట్లో సరుకును ఒక చేతి నుంచి ఇంకో చేతికి చేర్చడం, మధ్యలో దాచడం, దాచినంతసేపు చెడకుండా చూడడం, ఏది ఎక్కడ ఉందో ఎప్పుడు అడిగినా చెప్పగలగడం లాజిస్టిక్స్. లారీ అందులో ఒక భాగం. గోడౌన్ ఒక భాగం. హమాలీ, ఫోర్క్‌లిఫ్ట్, ప్యాకింగ్, బిల్టీ అనే లారీ రసీదు, ఈ-వే బిల్లు, రాత్రి పదకొండుకు డ్రైవర్ చేసే ఫోన్ కాల్, అన్నీ భాగాలే.

దాని పుస్తకంలో ఒక మాట ఉంది. సరైన సరుకు, సరైనంత, సరైన స్థితిలో, సరైన చోటుకు, సరైన సమయానికి, సరైన మనిషికి, సరైన ఖర్చులో చేర్చాలట. బాగుంది, తప్పేమీ లేదు. పరీక్షలో అదే రాయి అన్నాను. కానీ ఆ ఏడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే అన్నీ ఒకే బరువున్నట్టు కనిపిస్తాయి. పనిలో అలా ఉండదు. ‘సరైన స్థితి’ అనే రెండు మాటల వెనక మా దగ్గర ఒక వానాకాలం మొత్తం ఉంటుంది.

అట్టపెట్టెను దగ్గరగా చూడండి. రెండు చదునైన కాగితాల మధ్య అలలు అలలుగా మడిచిన ఇంకో కాగితం ఉంటుంది. అది మూడు పొరల అట్ట. మందుల కంపెనీలకు ఎక్కువగా ఐదు పొరలవి పోతాయి. పెట్టె నిలబడినప్పుడు ఆ అలలు నిలువుగా, చిన్న చిన్న స్తంభాల్లాగా ఉండాలి. పైన పెట్టిన బరువును మోసేది అవే, అందులోనూ మూలల దగ్గర ఉన్నవి అన్నిటికంటే ఎక్కువ మోస్తాయి. అందుకే గోడౌన్‌లో పెట్టె మీద పెట్టె పేర్చేటప్పుడు మూల మీద మూల కూర్చోవాలి. రెండు వేళ్ల వెడల్పు పక్కకు జరిగినా కింది పెట్టె పొట్ట ఉబ్బుతుంది. కాగితం గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి జూలై, ఆగస్టుల్లో అదే అట్ట, అదే గమ్, అదే మిషన్ మీద చేసిన పెట్టె ఎండాకాలంలో మోసినంత మోయలేదు. మా హమాలీల మేస్త్రీ పెట్టె అంచును బొటనవేలితో నొక్కి చూసి, ‘అక్కా, ఈ రోజు మెత్తగున్నది, తక్కువ ఎత్తు పేరుద్దాం’ అంటాడు. ల్యాబ్‌లో తేమ కొలిచే మిషన్ ఉంది. నేను రెండూ చూస్తాను, మేస్త్రీ మాట తప్పిన రోజులు చాలా తక్కువ.

పెట్టె మీద గొడుగు బొమ్మ, పైకి చూపే రెండు బాణాలు, ఎన్ని వరసలు పేర్చవచ్చో చెప్పే అంకె వేస్తాం. ఎక్కడో ఒక గోడౌన్‌లో చోటు సరిపోక ఆ అంకె దాటి రెండు వరసలు ఎక్కువ పేరుస్తారు. అడుగున ఉన్న పెట్టె నలిగి లోపలి పట్టీలు వంగుతాయి. మాత్రలో మందు బాగానే ఉన్నా షాపువాడు తీసుకోడు. అంత దూరం అంత ఖర్చుతో పోయిన సరుకు వెనక్కి వస్తుంది.

ఇంకో సంగతి, మా సరుకుకు బరువు తక్కువ, చోటు ఎక్కువ. పెట్టెలను మడిచి చదునుగా కట్టలు కట్టి పంపినా డీసీఎం వ్యాను నిండిపోయేసరికి దాని బరువు మోసే శక్తిలో సగం కూడా వాడుకోం. కిరాయి మాత్రం బండి మొత్తానికి ఇవ్వాలి. అందుకే కట్టను ఎటు తిప్పి పెడితే ఇంకో నాలుగు కట్టలు పడతాయి అని మేస్త్రీ, నేను అరగంట నిలబడి చూసిన రోజులు ఉన్నాయి. ఇంట్లో నన్ను గమనించిన వాళ్లకు తెలుసు, ఊరికి పోయేటప్పుడు సూట్‌కేసు సర్దే పని ఎవరికీ ఇవ్వను.

ఇప్పుడు ఆరో గడి సంగతి.

2019 వానాకాలం. విశాఖ దగ్గర పరవాడలో ఒక మందుల కంపెనీకి మా పెట్టెలు పోవాలి. సోమవారం సాయంత్రం ఆరింటికి సరుకు తయారై కట్టలు కట్టేశాం. మంగళవారం పదకొండింటికి బండి వచ్చింది. మా క్వాలిటీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉండడంతో మూడింటి దాకా లోడింగ్ మొదలు పెట్టలేదు. రాత్రి తొమ్మిదింటికి బండి బయటపడింది. ఒంటిగంటకు సూర్యాపేట దగ్గర గేర్‌బాక్స్ పోయింది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఇంకో బండి పంపారు, అది వచ్చేసరికి బుధవారం మధ్యాహ్నం రెండైంది. రోడ్డు పక్కన కట్టలు దించి ఎక్కించేసరికి ఐదు.

బండి మారింది. ఈ-వే బిల్లులో బండి నంబరు మారలేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తాను. 50,000 రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు ఉండాలి. అందులో మొదటి భాగంలో సరుకు, పంపేవాళ్లు, తీసుకునేవాళ్ల వివరాలు ఉంటాయి. రెండో భాగంలో బండి నంబరు ఉంటుంది. దారిలో బండి మారితే కదిలే ముందే రెండో భాగంలో కొత్త నంబరు ఎక్కించాలి, ఫోన్‌లో ఐదు నిమిషాల పని. నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పు పడితే 1,000 రూపాయల జరిమానాతో వదిలేయమని 2018 సెప్టెంబరులో సర్క్యులర్ కూడా వచ్చింది. మాది ఒక అంకె తప్పు కాదు, నంబరు మొత్తం వేరే. జగ్గయ్యపేట దాటాక రాత్రి ఎనిమిదింటికి తనిఖీ వాళ్లు ఆపారు. వాళ్ల తప్పేమీ లేదు, కాగితంలో ఉన్న బండి వాళ్ల ముందు లేదు. పన్ను, దానికి సమానంగా జరిమానా కట్టి బండిని విడిపించేసరికి గురువారం సాయంత్రం ఐదైంది.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో రాత్రి డ్యూటీలో ఉన్నతను ఎక్కించడం మర్చిపోయాడు. బండి మారిందని నాకు ఫోన్ వచ్చినప్పుడు నంబరు ఎక్కించారా అని నేనూ అడగలేదు. ఈ రోజుకూ ఆ మాట నాకు గుచ్చుకుంటుంది.

ఈలోపు పరవాడ నుంచి ఫోన్లు. ‘మేడమ్, మందు రెడీగా ఉంది, పెట్టెలు లేవు, లైను ఆపేశాం.’ ఒక పెట్టె ఖరీదు అప్పుడు పాతిక రూపాయలు కూడా లేదు. దాంట్లో పెట్టాల్సిన మందు విలువ వేలల్లో. చివరికి శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి బండి చేరితే, అక్కడి గేటు దగ్గర క్యూలో నిలబడి అన్‌లోడ్ అయ్యేసరికి సాయంత్రం నాలుగు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత డైరీ తీసి లెక్క వేశాను. సోమవారం ఆరింటి నుంచి శుక్రవారం నాలుగింటి దాకా 94 గంటలు. మధ్యలో డ్రైవర్ పడుకున్నది తీసేస్తే చక్రాలు తిరిగింది 19 గంటలు. మిగతా 75 గంటలు సరుకు ఎక్కడో ఒకచోట నిలబడి ఉంది.

గేర్‌బాక్స్, జరిమానా లాంటివి రోజూ జరగవు కదా అనుకుని, మామూలుగా పోయిన పది లోడ్‌లు తీసి అదే లెక్క వేశాను. ఏ ఒక్కదాంట్లోనూ కదిలిన గంటలు ఆగిన గంటల కంటే ఎక్కువ లేవు. బండి కోసం సరుకు ఆగుతుంది. సరుకు కోసం బండి ఆగుతుంది. సంతకం కోసం రెండూ ఆగుతాయి. పగలు పెద్ద లారీలకు సిటీలో నో ఎంట్రీ కాబట్టి రాత్రి కోసం ఆగుతుంది. అవతలి గేటు దగ్గర టోకెన్ కోసం ఆగుతుంది. మేమంతా అన్నేళ్లూ కిరాయి రూపాయి తగ్గించడం మీద, బండి ఇంకొంచెం తొందరగా పోవడం మీద కొట్లాడుకున్నాం. డ్రైవర్‌ను తొందరపెడితే మహా అయితే ఒక గంట మిగులుతుంది, అది కూడా ప్రాణం మీదికి తెచ్చుకుని. ఆ 75 గంటల వైపు ఎవరమూ చూడలేదు. మర్నాడు పొద్దున బల్ల మీద ఆరో గీత గీశాను.

దీన్ని నేనేదో కొత్తగా కనిపెట్టానని కాదు. ఓడల్లో పోయే ఇనుప కంటైనర్ కథ కూడా ఇదే. మాల్కం మెక్లీన్ అనే అమెరికా ఆయన లారీల వ్యాపారం నడిపేవాడు. ఆ రోజుల్లో బస్తాలు, పీపాలు, పెట్టెలు ఒక్కొక్కటిగా ఓడలోకి ఎక్కించేవారు, ఓడలు రేవులో రోజుల తరబడి నిలబడేవి. 1956 ఏప్రిల్ 26న ఆయన 58 కంటైనర్లు ఎక్కించిన ఓడను నెవార్క్ నుంచి హూస్టన్‌కు పంపాడు. చేత్తో ఎక్కిస్తే టన్నుకు దాదాపు ఆరు డాలర్లు అయ్యే పని 20 సెంట్లకు లోపే అయింది. ఓడ వేగం ఏమీ పెరగలేదు. రేవులో ఆగడం తగ్గింది, అంతే. దాంతోనే ప్రపంచ వ్యాపారం ఇప్పుడున్న తీరుకు వచ్చింది.

మన హైదరాబాద్‌కు సముద్రం లేదు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైలు మార్గం పడి బొంబాయి–మద్రాసు లైనుతో కలిసినప్పుడే ఈ ఊరికి రేవు దారి దొరికింది. ఇప్పుడు సనత్‌నగర్‌లో కంటైనర్ డిపో ఉంది. కస్టమ్స్ పని అక్కడే అయిపోయి, కంటైనర్‌కు సీలు పడి రైలెక్కి ముంబై దగ్గర నవా షేవా రేవుకు పోతుంది. మా చెల్లెలి కూతురికి ఇది భలే నచ్చింది. ‘అంటే సనత్‌నగర్‌లో రేవు ఉన్నట్టా పెద్దమ్మా?’ అంది. ఉన్నట్టే.

జీఎస్టీ రాకముందు సంగతి కూడా చెప్పాలి. వేరే రాష్ట్రానికి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది కాబట్టి కంపెనీలు ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న డిపో పెట్టి, సరుకును ముందు అక్కడికి పంపుకుని, అక్కడి నుంచి అమ్మేవి. ఆ గోడౌన్ ఎక్కడ ఉండాలో సరుకు అవసరం నిర్ణయించేది కాదు, పన్ను నిర్ణయించేది. 2017 జూలై 1 తర్వాత ఆ అవసరం పోయింది. చిన్న డిపోలు మూసి పెద్ద గోడౌన్లు కట్టారు. మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్ వైపు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ ఆ పొడవాటి రేకుల షెడ్లు అందుకే అన్ని కనిపిస్తాయి. నాగ్‌పూర్ వైపు, బెంగళూరు వైపు, విజయవాడ వైపు, ముంబై వైపు పోయే బండి సిటీలోకి రాకుండానే అక్కడ సరుకు దించి పోతుంది. చెక్‌పోస్టుల దగ్గర లారీల బారులు కూడా అప్పుడే పోయాయి. మా బండ్లకు మిగిలిన గంటలు నాకు తెలుసు.

గోడౌన్‌లో సరుకు ఎక్కువ పెట్టుకుంటే ఈ టెన్షన్లన్నీ ఉండవు కదా అని అది అడిగింది. మంచి ప్రశ్న. అట్టపెట్టెలు చోటు తింటాయి, డబ్బును కట్టిపడేస్తాయి, వానాకాలంలో మెత్తబడతాయి. అన్నిటికంటే పెద్ద తంటా, పెట్టె మీద అచ్చు. కంపెనీ ఆ అచ్చులో ఒక్క లైను మార్చిందంటే పాత పెట్టెలన్నీ చిత్తుకాగితం కిందికి పోతాయి. అందుకని కంపెనీ రెండు రోజులకు సరిపడా మాత్రమే పెట్టుకుంటుంది, మిగతావి మమ్మల్ని రోజూ పంపమంటుంది. వాళ్ల గోడౌన్ ఖర్చు తగ్గింది, నిజమే. ఆ రెండు రోజుల నిల్వకూ లైను ఆగడానికీ మధ్య ఉన్నది మా డీసీఎం ఒక్కటే. నిల్వ ఎంత తగ్గిస్తే రవాణా అంత నమ్మకంగా ఉండాలి. ఒకటి తగ్గించి రెండోదాన్ని పట్టించుకోకపోతే 2019లో మాకు జరిగిందే జరుగుతుంది.

గొలుసులో ఎక్కడో చాలా దూరంగా ఉన్న లంకె కదిలినా ఇక్కడ తెలుస్తుంది. 2021 జనవరి నుంచి చైనా చిత్తుకాగితం దిగుమతి పూర్తిగా ఆపేసింది. చిత్తుకాగితం తెచ్చుకోలేని చైనా ఫ్యాక్టరీలు మన మిల్లుల దగ్గర నుంచి తయారైన కాగితం రీళ్లే కొనడం మొదలుపెట్టాయి. అదే సమయంలో కరోనా వల్ల కంటైనర్లు ఉండాల్సిన చోట లేక ఓడ కిరాయిలు పెరిగి, మనకు రావాల్సిన చిత్తుకాగితం కూడా ఖరీదైంది. రీలు ధర వారం వారం పెరిగేది. పాత రేటుకు ఒప్పుకున్న ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, కాగితం కొత్త రేటు. మా చుట్టుపక్కల రెండు చిన్న యూనిట్లు ఆ ఏడాది షట్టర్లు దించేశాయి. అందులో ఒకాయన మాకు ముప్పై ఏళ్ల పరిచయం. ఆయనకు వ్యాపారం చేతకాక కాదు.

2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టినప్పుడు కూడా అంతే. యూరప్‌కు మందులు పంపే ఒక కస్టమర్ ఫోన్ చేసి, కంటైనర్లు సముద్రం మీద ఇంకో పది పదిహేను రోజులు ఎక్కువ ఉంటున్నాయి, తేమ తట్టుకునే గట్టి పెట్టె కావాలి అన్నారు. జీడిమెట్లలో మేం ఇంకొంచెం మందపు కాగితం వాడాం.

ఇక 2021 ఏప్రిల్. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. మా బావగారు, అంటే ఈ అమ్మాయి నాన్న కాదు, మా అక్క భర్త, ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు. రాత్రిళ్లు ఆసుపత్రి వాళ్లు ‘ట్యాంకర్ దారిలో ఉంది’ అని చెప్పేవారు. ఆ మాట నేను నా కస్టమర్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. దాన్ని అవతలి వైపు నిలబడి వినడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లో ఆక్సిజన్ తయారు చేసే పెద్ద ప్లాంట్లు ఎక్కువగా ఉక్కు ఫ్యాక్టరీల దగ్గర, ఒడిశా లాంటి చోట్ల ఉన్నాయి. రోగులేమో హైదరాబాద్‌లో, ఢిల్లీలో. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉంటుంది, దానికి ప్రత్యేకమైన ట్యాంకర్లు కావాలి, అవి దేశం మొత్తం మీద కొన్నే. మామూలు రోజుల్లో సరిపోయేవే. ఒక ట్యాంకర్ వెయ్యి కిలోమీటర్లకు పైగా పోయి నింపుకుని రావడానికి రోజులు పడుతుంది. అందులో సగం దూరం అది ఖాళీగా పోతుంది. ఏప్రిల్ 23న మన రాష్ట్రం ఏం చేసిందంటే, ఖాళీ ట్యాంకర్లను బేగంపేట విమానాశ్రయంలో వాయుసేన విమానం ఎక్కించి భువనేశ్వర్ పంపింది. నిండిన ట్యాంకర్‌ను విమానంలో తేవడం ప్రమాదం, కాబట్టి వచ్చేటప్పుడు రోడ్డు మీదే వచ్చాయి. పోయేటప్పుడు పట్టే రోజులు మిగిలిపోయాయి.

టీవీలో ఆ విమానం పొట్టలోకి ట్యాంకర్ మెల్లగా వెనక్కి ఎక్కుతుంటే నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఖాళీగా తిరిగే దూరాన్ని ఎలా తగ్గించాలి అని రోజూ తల బద్దలు కొట్టుకునేదాన్ని, అక్కడ అదే లెక్క, ప్రాణాల మీద. మా బావగారు పందొమ్మిది రోజుల తర్వాత ఇంటికి వచ్చారు. ఆయన పీల్చింది ఏ ట్యాంకర్‌లోదో నాకు తెలియదు, దాన్ని నడిపిన డ్రైవర్ ఎవరో తెలియదు. ఆ రోజు నుంచి మా గేటులోకి వచ్చే డ్రైవర్‌ను నేను నిలబెట్టి మాట్లాడడం మానేశాను. కుర్చీ వేస్తాను.

డ్రైవర్ల గురించి ఇంకా చెప్పాలి. ఆగిన గంటల భారం మొత్తం మోసేది వాళ్లే. సరుకు నిలబడితే దానికి ఆకలి వేయదు. బండి ఒక రోజు గేటు బయట నిలబడితే నెలలో ఒక ట్రిప్పు పోతుంది, ట్రిప్పును బట్టి వచ్చే డబ్బు పోతుంది. హాల్టింగ్ చార్జీ అని బిల్లులో రాసుకుంటాం, అది బండి ఓనర్‌కు పోతుంది, డ్రైవర్ చేతికి ఎంత వస్తుందో అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన మొదటి రోజుల్లో రోడ్ల మీద ఆగిపోయిన వాళ్లలో మా లోడ్ ఉన్న డ్రైవర్ ఒకతను ఉన్నాడు. అన్ని రకాల సరుకులూ పోవచ్చని మార్చి 29న కేంద్రం చెప్పింది. కానీ ధాబాలు మూసి ఉన్నాయి, క్లీనర్ ఊరికి పోయాడు. మహారాష్ట్రలో బండి పక్కన స్టవ్ పెట్టుకుని మూడు రోజులు అన్నం, పచ్చిమిరపకాయలు తిన్నానని తర్వాత చెప్పాడు. ‘సరుకు తడవలేదు మేడమ్’ అని ముందు అది చెప్పి, ఆ తర్వాత అన్నం సంగతి చెప్పాడు.

ఓనర్ గారితో చాలా రోజులు మాట్లాడి మా గేటు లోపల ఒక షెడ్డు, మంచినీళ్లు, బాత్రూమ్ పెట్టించాం. బండి రాకముందే సర్టిఫికెట్, బిల్లు తయారుగా ఉండాలని నియమం పెట్టుకున్నాం. సంతకం పెట్టే ఆయన సెలవు పెడితే ఎవరు పెట్టాలో కాగితం మీద రాసి గోడకు అంటించాం. బండి మారిందని ఫోన్ వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు ఒకటే, నంబరు ఎక్కించారా, స్క్రీన్ ఫొటో పంపండి. బల్ల మీద ఆరో గడిలో ఒకప్పుడు ఆరు, ఏడు, పది ఉండేవి. ఇప్పుడు ఎక్కువ రోజులు రెండు లోపు ఉంటుంది. నాలుగు దాటితే ఎర్ర చాక్‌పీసుతో రాస్తాను, ఎందుకో పక్కన కారణం కూడా రాస్తాను.

మా చెల్లెలి కూతురు ఇదంతా విని, ‘మరి అవతలి గేటు దగ్గర ఆగితే నువ్వేం చేస్తావు?’ అంది.

ఏమీ చేయలేకపోతున్నాను. అక్కడ నా బల్ల లేదు. జడ్చర్ల వైపు ఒక కంపెనీ ఉంది, మా నుంచి రెండున్నర గంటల దారి. పొద్దున ఎనిమిదింటికి చేరిన బండి రాత్రి ఎనిమిదింటికి ఖాళీ అయిన రోజులు ఉన్నాయి. అడిగితే, ముందొచ్చిన వాళ్లు ముందు అంటారు. అన్ని బండ్లూ పొద్దున్నే రావడం వల్లే ఆ బారు. ఒక్కొక్కరికి ఒక్కో టైము ఇస్తే సరిపోతుంది. వాళ్లకు సరుకు దించే చోటు కొత్తగా కట్టాల్సిన పని లేదు, కొత్త మనుషులు అక్కర్లేదు. అందుకే మూడు నెలల నుంచి ఆ దారిలో పోయే డ్రైవర్లందరినీ రెండు ఫొటోలు పంపమన్నాను, గేటుకు చేరినప్పుడు ఒకటి, ఖాళీ అయ్యాక ఒకటి. అవి చూసి రోజూ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. 61 లోడ్‌ల లెక్క ఉంది.

వచ్చే బుధవారం పదకొండింటికి వాళ్లతో మీటింగ్. నోట్‌బుక్‌తో పాటు మా డ్రైవర్లలో ఒకరిని కూడా తీసుకుపోతున్నాను. లోపల కూర్చోనిస్తారా అని అతను రెండుసార్లు అడిగాడు. నా పక్కనే కూర్చుంటావని చెప్పాను.